జాతీయ నాయకుల జవాబుదారీతనం – పౌరుల బాధ్యత

జవాబుదారీతనం అనగా అధికారం చేపట్టిన వ్యక్తి తన నిర్ణయాలకు, వాటి ఫలితాలకు ఆ అధికారాన్ని అప్పగించినవారి ఎదుట సమాధానం చెప్పవలసి ఉండటం. ప్రజాస్వామ్యంలో అధికారాన్ని అప్పగించేది ప్రజలే కనుక, విఫలమైన నాయకుని ప్రశ్నించడం, అవసరమైతే పదవి నుండి తొలగించడం కూడా అంతిమంగా ప్రజల బాధ్యతే అవుతుంది. ప్రధానమంత్రి, కేంద్ర మంత్రులు, పార్లమెంటు సభ్యుల విషయంలో ఈ బాధ్యతను నిర్వర్తించడం స్థానిక నాయకుల విషయంలో కంటే కష్టం. వారు దూరంగా ఉంటారు. వారి నిర్ణయాల ఫలితాలు ఆలస్యంగా తెలుస్తాయి. ఏ పనికి ఎవరు బాధ్యులో సామాన్యునికి స్పష్టంగా తెలియదు. ఈ వ్యాసంలో భారత రాజ్యాంగం కల్పించిన మార్గాలు, తెలుగు ప్రాంతాల అనుభవాలు, సికింద్రాబాదు శివారులోని యాప్రాల్ ఉదాహరణ వివరించబడినవి.

భావన, రాజ్యాంగ నేపథ్యం

భారత రాజ్యాంగంలోని 75(3) అధికరణం ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. లోక్‌సభ సభ్యులను 326వ అధికరణం ప్రకారం వయోజనులైన ఓటర్లు ఎన్నుకుంటారు. అంటే ప్రభుత్వం లోక్‌సభకు, లోక్‌సభ సభ్యుడు ఓటరుకు జవాబు చెప్పవలసి ఉంటుంది. ఈ గొలుసులో మొదటి లంకె పార్లమెంటు చేతిలో ఉన్నది. రెండవ లంకె పౌరుని చేతిలో ఉన్నది. రెండవది బలహీనపడితే మొదటిది కూడా పనిచేయదు. తనను ఎవరూ ప్రశ్నించరని తెలిసిన సభ్యుడు మంత్రిని ప్రశ్నించవలసిన అవసరాన్ని గుర్తించడు.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణంలో పౌరుల ప్రాథమిక విధులు పేర్కొనబడ్డాయి. మొదట పది విధులు ఉండగా, 2002లో 86వ సవరణ ద్వారా పదకొండవది చేరింది. వీటిలో ఓటు వేయడం గానీ, నాయకులను ప్రశ్నించడం గానీ ప్రత్యేకంగా లేవు. కనుక ఇది శిక్షతో కూడిన చట్టబద్ధమైన విధి కాదు. హక్కు నుండి పుట్టిన పౌర బాధ్యత. 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ దీనికి ఆధారం. ఓటరుకు అభ్యర్థి గురించి తెలుసుకునే హక్కు కూడా ఈ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

జవాబుదారీతనంలో సాధారణంగా మూడు దశలు ఉంటాయి.

* సమాచారం – నాయకుడు ఏమి చేశాడో, ఏమి చేయలేదో తెలియాలి.
* వివరణ – ఎందుకు చేశాడో, ఎందుకు చేయలేదో అతడు చెప్పాలి.
* పర్యవసానం – వివరణ సంతృప్తికరంగా లేకపోతే పదవి, పరపతి లేదా చట్టం రూపంలో ఫలితం ఉండాలి.

ఎన్నికలు మూడవ దశకు సంబంధించినవి. మొదటి రెండు దశలు ఎన్నికలకు, ఎన్నికలకు మధ్య ఉన్న ఐదేళ్ళలో జరగవలసినవి. ఆ కాలంలో పౌరులు నిశ్శబ్దంగా ఉంటే, చివరి రోజున వేసే ఓటు పనితీరుపై తీర్పు కాకుండా ప్రచారంపై తీర్పుగా మారే ప్రమాదం ఉన్నది.

తెలుగు ప్రాంతాల అనుభవాలు

1977 ఎన్నికలు

1975 జూన్ 25న విధించబడిన అత్యవసర పరిస్థితి 1977 మార్చి 21 వరకు కొనసాగింది. ఈ కాలంలో పత్రికలపై ముందస్తు తనిఖీ అమలైంది. ప్రతిపక్ష నాయకులు నిర్బంధించబడ్డారు. 1977 మార్చిలో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెసు పార్టీ ఓడిపోయింది. ప్రధాని ఇందిరా గాంధీ స్వయంగా రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో పరాజయం పొందింది. అత్యవసర పరిస్థితి కాలంనాటి అతిక్రమణలపై విచారణకు అదే సంవత్సరం మే నెలలో జస్టిస్ జె.సి.షా కమిషన్ నియమించబడింది.

అయితే ఆంధ్ర ప్రదేశ్‌లో ఫలితం దీనికి పూర్తిగా భిన్నంగా ఉన్నది. రాష్ట్రంలోని 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే దక్కాయి. మిగిలిన ఒక్క స్థానం నంద్యాల. అక్కడ జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గెలుపొంది, అనంతరం లోక్‌సభ స్పీకరుగా, తరువాత రాష్ట్రపతిగా ఎన్నికయ్యాడు. ఒకే ప్రభుత్వంపై ఒకే సమయంలో దేశంలోని రెండు ప్రాంతాలు విభిన్నమైన తీర్పు ఇచ్చాయి. బలవంతపు కుటుంబ నియంత్రణ వంటి చర్యల తీవ్రత ఉత్తరాదిలో ఎక్కువగా ఉండటం ఇందుకు ఒక కారణంగా చెబుతారు. ఓటరు తన అనుభవంలోకి వచ్చిన వైఫల్యానికి త్వరగా స్పందిస్తాడని, ఇతరుల అనుభవంలోని వైఫల్యాన్ని గుర్తించడానికి స్వేచ్ఛగా పనిచేసే పత్రికలు అవసరమని ఈ ఎన్నికలు తెలియజేస్తున్నాయి. పత్రికలపై ఆంక్షలున్న కాలంలో అటువంటి సమాచారం దక్షిణాది ఓటరుకు పరిమితంగానే అందింది.

1984 ఆగస్టు – సెప్టెంబరు

1983 జనవరి ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ విజయం సాధించి ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రి అయ్యాడు. 1984లో ఆయన అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చిన తరువాత, ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించాడు. శాసనసభలో బలం నిరూపించుకునే అవకాశం రామారావుకు ఇవ్వలేదు. తనను బలపరచే శాసనసభ్యులను ఆయన ఢిల్లీకి తీసుకువెళ్ళి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఎదుట హాజరుపరిచాడు. తరువాత ఆ సభ్యులు కర్ణాటకలో బస చేశారు.

రాష్ట్రమంతటా సభలు, బందులు, ఊరేగింపులు జరిగాయి. వామపక్షాలు, భారతీయ జనతా పార్టీతో సహా పలు ప్రతిపక్షాలు ఒకే వేదికపైకి వచ్చాయి. ఈ నెల రోజులలో హింసాత్మక సంఘటనలు, ప్రాణనష్టం కూడా సంభవించాయి. గవర్నరు పదవి నుండి రామ్‌లాల్ తప్పుకోగా ఆ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ నియమితుడయ్యాడు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. దీనిని ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమంగా పేర్కొంటారు.

గవర్నరును నియమించేది కేంద్ర ప్రభుత్వ సలహాపై రాష్ట్రపతి కనుక, ప్రజాగ్రహం కేంద్ర నాయకత్వంపైకే మళ్ళింది. అదే సంవత్సరం డిసెంబరులో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెసు దేశవ్యాప్తంగా 400కు పైగా స్థానాలు గెలుచుకున్నప్పటికీ, ఆంధ్ర ప్రదేశ్‌లో తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో కాంగ్రెసు తరువాత అతిపెద్ద పార్టీగా నిలిచింది. ప్రభుత్వ బలాన్ని రాజభవన్‌లో కాక సభలోనే తేల్చాలన్న సూత్రాన్ని 1994 మార్చి 11న ఎస్.ఆర్.బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది.

సారా వ్యతిరేక ఉద్యమం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్ర ప్రభుత్వానికి సంబంధించినదే అయినప్పటికీ ఇక్కడ పేర్కొనదగినది. అక్షరాస్యతా కార్యక్రమంలో చదువుకున్న గ్రామీణ మహిళలు ఇందులో ముందు నిలిచారు. సారా వేలంపాటలను అడ్డుకోవడం ద్వారా వారు ప్రభుత్వ ఆదాయ విధానాన్నే ప్రశ్నించారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం విధించబడింది. 1997లో అది సడలించబడింది. ప్రజలు ఒత్తిడి చేసి సాధించుకున్న నిర్ణయాన్ని నిలబెట్టుకోవడానికి ఆ ఒత్తిడి కొనసాగవలసి ఉంటుందని దీనివలన తెలుస్తున్నది.

1993 అవిశ్వాస తీర్మానం

నంద్యాల నుండి లోక్‌సభకు ఎన్నికైన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలో, ఆయన ప్రభుత్వంపై ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం 1993 జూలై 28న 251–265 ఓట్లతో వీగిపోయింది. ప్రభుత్వానికి అనుకూలంగా ఓటు వేయడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు లంచం తీసుకున్నారన్న ఆరోపణపై కేసు నడిచింది. 2000లో విచారణ న్యాయస్థానం నరసింహారావును దోషిగా నిర్ణయించింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది.

ఈ కేసులోనే 1998లో సుప్రీంకోర్టు, లంచం తీసుకొని సభలో ఓటు వేసిన సభ్యునికి 105వ అధికరణం క్రింద రక్షణ ఉంటుందని తీర్పునిచ్చింది. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. ఒక లోపాన్ని సవరించడానికి ఇరవై ఆరు సంవత్సరాలు పట్టింది.

2014 రాష్ట్ర విభజన, హామీలు

2009 డిసెంబరు 9న కేంద్ర ప్రభుత్వం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించి, డిసెంబరు 23న విస్తృత సంప్రదింపులు అవసరమని వెనుకకు తగ్గింది. 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లు పార్లమెంటు ఆమోదం పొందింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆ సంవత్సరం ఎన్నికలలో కాంగ్రెసుకు ఆంధ్ర ప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాలలో గానీ, 175 శాసనసభ స్థానాలలో గానీ ఒక్కటి కూడా రాలేదు. తెలంగాణలోని 17 లోక్‌సభ స్థానాలలో రెండే వచ్చాయి. ఒక ప్రాంతం విభజించినందుకు, మరొక ప్రాంతం ఆలస్యం చేసినందుకు ఒకే నాయకత్వాన్ని బాధ్యురాలిని చేశాయన్న విశ్లేషణ ఉన్నది.

2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్‌మోహన్ సింగ్ రాజ్యసభలో, ఆంధ్ర ప్రదేశ్‌కు ఐదు సంవత్సరాలపాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించాడు. అయితే ఈ హామీ చట్టంలో చేర్చబడలేదు. తరువాత వచ్చిన ప్రభుత్వం 14వ ఆర్థిక సంఘం సిఫారసులను కారణంగా చూపి, 2016 సెప్టెంబరులో హోదాకు బదులుగా ప్రత్యేక సహాయాన్ని ప్రకటించింది. 2018 ఏప్రిల్‌లో వైఎస్సార్ కాంగ్రెసు పార్టీకి చెందిన ఐదుగురు లోక్‌సభ సభ్యులు ఈ అంశంపై రాజీనామా చేశారు. 2018 జూలై 20న తెలుగుదేశం ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం 126–325 ఓట్లతో వీగిపోయింది.

చట్టంలో చేరిన హామీలలో కూడా పదాల వలన తేడా వచ్చింది. విభజన చట్టం 13వ షెడ్యూలులో ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారం విషయంలో సాధ్యాసాధ్యాలను ‘పరిశీలించాలి’ అని మాత్రమే ఉన్నది. ‘స్థాపించాలి’ అన్న పదానికి, ‘పరిశీలించాలి’ అన్న పదానికి మధ్య ఉన్న దూరాన్ని బిల్లు చర్చలో ఉన్నప్పుడే గుర్తించడం ప్రతినిధుల పని. వారు ఆ పని చేస్తున్నారా లేదా అన్నది గమనించడం పౌరుల పని.

పౌరులకు అందుబాటులో ఉన్న సాధనాలు

ఓటు

61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989 నుండి ఓటు హక్కు వయస్సు 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గించబడింది. 2021లో చేసిన చట్ట సవరణ తరువాత జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అనే నాలుగు అర్హతా తేదీలు అమలులోకి వచ్చాయి. కొత్తగా పేరు చేర్చుకోవడానికి 6వ నమూనా, చిరునామా మార్పుకు, తప్పుల సవరణకు 8వ నమూనా ఉపయోగిస్తారు. 2013 సెప్టెంబరు 27నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత ‘పైవారెవరూ కాదు’ అనే నోటా మీట ఓటింగు యంత్రంలో చేరింది. అభ్యర్థులందరికంటే నోటాకు ఎక్కువ ఓట్లు వచ్చినా, లోక్‌సభ ఎన్నికలలో అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు పొందినవారే గెలిచినట్లు ప్రకటించబడతారు. కనుక నోటా అసమ్మతిని నమోదు చేస్తుంది గానీ నాయకుని తొలగించదు.

అభ్యర్థుల ప్రమాణపత్రాలు

1996లో మాజీ ఐ.ఎ.ఎస్. అధికారి జయప్రకాశ్ నారాయణ్ హైదరాబాదులో స్థాపించిన లోక్‌సత్తా సంస్థ, 1999 ఎన్నికలలో నేరచరిత్ర గల అభ్యర్థుల వివరాలను ప్రజల ముందు ఉంచింది. అదే సంవత్సరం అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2002 మే 2న సుప్రీంకోర్టు, అభ్యర్థులు తమపై గల క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు వెల్లడించాలని తీర్పునిచ్చింది. పార్టీలు ఏకమై ఈ తీర్పు ప్రభావాన్ని తగ్గిస్తూ ప్రజాప్రాతినిధ్య చట్టంలో 33బి సెక్షన్ చేర్చగా, దానిని పౌర హక్కుల ప్రజాసంఘం, లోక్‌సత్తా, అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్ సవాలు చేశాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. నామినేషనుతో పాటు దాఖలుచేసే ఈ ప్రమాణపత్రాలను ఎన్నికల సంఘం ప్రజలకు అందుబాటులో ఉంచుతుంది. ఒకే నాయకుడు వరుస ఎన్నికలలో దాఖలుచేసిన పత్రాలను పోల్చి చూస్తే పదవీకాలంలో ఆయన ఆస్తులలో వచ్చిన మార్పు తెలుస్తుంది.

సమాచార హక్కు

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. సమాధానం రాకపోయినా, అసంపూర్ణంగా ఉన్నా 30 రోజులలో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, తరువాత 90 రోజులలో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు. ‘రోడ్డు ఎందుకు వేయలేదు?’ అని అడిగే దరఖాస్తు కంటే, ‘ఈ రోడ్డుకు మంజూరైన మొత్తం, గుత్తేదారు పేరు, పని పూర్తి కావలసిన తేదీ, ఇప్పటివరకు చెల్లించిన బిల్లుల నకళ్ళు ఇవ్వగలరు’ అని అడిగే దరఖాస్తు ఎక్కువ ఫలితం ఇస్తుంది. చట్టం రికార్డులలో ఉన్న సమాచారాన్ని ఇప్పిస్తుంది గానీ, లేని అభిప్రాయాన్ని రాయించదు. 2023నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌కు సవరణ నిర్దేశించింది. వ్యక్తిగత సమాచారం పేరిట అధికారుల వివరాలు నిరాకరించబడతాయన్న విమర్శ దీనిపై ఉన్నది.

పార్లమెంటు సంఘాలు, లోక్‌పాల్

మంత్రులు సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయో లేదో పరిశీలించడానికి ఉభయసభలలోనూ ప్రభుత్వ హామీల సంఘాలు ఉన్నాయి. పౌరులు తమ వినతులను వినతుల సంఘానికి పంపవచ్చు. సభ్యులు అడిగిన ప్రశ్నలు, మంత్రుల సమాధానాలు ముద్రిత రూపంలో, పార్లమెంటు వెబ్‌సైటులలో లభిస్తాయి. లోక్‌పాల్, లోకాయుక్తల చట్టం 2014 జనవరిలో అమలులోకి వచ్చింది. మొదటి లోక్‌పాల్‌గా, గతంలో ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ 2019 మార్చిలో నియమితుడయ్యాడు. కొన్ని మినహాయింపులకు లోబడి ప్రధానమంత్రిపై అవినీతి ఆరోపణలను కూడా లోక్‌పాల్ స్వీకరించవచ్చు.

సామాజిక తనిఖీ

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. గ్రామసభ పనులను సామాజిక తనిఖీ చేయాలని 2005నాటి ఆ చట్టంలోని 17వ సెక్షన్ నిర్దేశించింది. ఇందుకోసం ప్రత్యేక సంస్థను ఏర్పరచి, ఈ తనిఖీని రాష్ట్రవ్యాప్తంగా క్రమబద్ధంగా నిర్వహించిన తొలి రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. మస్టరులో ఉన్న పేర్లను గ్రామస్థుల ఎదుట బిగ్గరగా చదవడం, పని చేసినవారు తమకు అందిన కూలిని అక్కడే చెప్పడం ఈ పద్ధతి. కేంద్ర పథకంలోని లోపం గ్రామంలోనే బయటపడటం దీని ప్రత్యేకత.

యాప్రాల్ ఉదాహరణ

యాప్రాల్ సికింద్రాబాదుకు ఈశాన్యదిశగా, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా అల్వాల్ మండలంలో ఉన్న నివాస ప్రాంతం. సైనిక స్థావరాలకు ఆనుకొని ఉండటం వలన విశ్రాంత సైనికోద్యోగుల కుటుంబాలు ఇక్కడ అధికంగా నివసిస్తున్నాయి. ఏ సమస్యకు ఏ నాయకుడు బాధ్యుడు అన్న ప్రశ్న ఎంత చిక్కుగా ఉంటుందో ఈ ప్రాంతం చూపుతుంది. స్థూలంగా బాధ్యతలు ఇలా ఉంటాయి.

* కాలనీ రోడ్లు, వీధి దీపాలు, చెత్త సేకరణ – నగరపాలక సంస్థ
* మంచినీరు, మురుగునీటి పారుదల – రాష్ట్ర ప్రభుత్వ అధీనంలోని జలమండలి
* పోలీసు, భూమి రికార్డులు, రిజిస్ట్రేషన్లు – రాష్ట్ర ప్రభుత్వం
* రక్షణ భూములు, కంటోన్మెంటు గుండా వెళ్ళే రోడ్లు, రైల్వే మార్గం – కేంద్ర ప్రభుత్వం

ఇంటి ముందు రోడ్డు నగరపాలక సంస్థది కాగా, అదే రోడ్డు మరికొంత దూరం వెళ్ళాక రక్షణ శాఖ భూమిలోకి ప్రవేశించవచ్చు. అక్కడ గేటు మూసివేస్తే దానిని తెరిపించే అధికారం కార్పొరేటరుకు గానీ శాసనసభ్యునికి గానీ ఉండదు. 2010 దశకంలో సికింద్రాబాదు కంటోన్మెంటు పరిసరాలలో భద్రతా కారణాలు చూపి పలు రోడ్లపై స్థానిక సైనికాధికారులు ఆంక్షలు విధించినప్పుడు, ఈశాన్య కాలనీల వాసులు దూరపు మార్గాలలో తిరిగి వెళ్ళవలసి వచ్చింది. కంటోన్మెంట్ల చట్టం, 2006లోని 258వ సెక్షన్ ప్రకారం భద్రతా కారణాలపై వీధిని మూసివేయాలంటే బహిరంగ ప్రకటన ఇచ్చి ప్రజల అభ్యంతరాలు స్వీకరించాలి. కనుక ఇక్కడ పౌరుడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎందుకు మూశారు?’ అన్నది కాదు. ‘ప్రకటన ఎప్పుడు ఇచ్చారు? అభ్యంతరాలను ఎవరు విన్నారు?’ అన్నది. దేశంలోని వివిధ కంటోన్మెంట్ల నుండి పార్లమెంటు సభ్యులు, బోర్డుల ప్రతినిధులు ఈ సమస్యను లేవనెత్తిన తరువాత, 2018 మేలో రక్షణ మంత్రిత్వ శాఖ మూసివేసిన రోడ్లను తెరవవలసిందిగా ఆదేశించింది. ఆ ఆదేశం వచ్చింది ఢిల్లీ నుండి. కాలనీ రోడ్డు సమస్య జాతీయ నాయకుల జవాబుదారీతనానికి సంబంధించిన అంశం కాగలదనడానికి ఇది నిదర్శనం. సికింద్రాబాదు నుండి ఉత్తరంగా వెళ్ళే రహదారులపై వంతెన మార్గాలకు రక్షణ భూములు ఇవ్వడానికి కూడా 2024 మార్చిలో రక్షణ శాఖే అనుమతి ఇచ్చింది.

పక్కనే ఉన్న సికింద్రాబాదు కంటోన్మెంటు బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2023 ఏప్రిల్ 30న తిరిగి ఎన్నికలు జరపాలని ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రకటించి, మార్చిలో ఆ ప్రకటనను రద్దు చేశారు. ఎన్నికైన సభ్యులు లేని కాలంలో కంటోన్మెంటు నివాసులకు స్థానిక స్థాయిలో జవాబు చెప్పే ప్రతినిధి ఉండడు. అప్పుడు కూడా ప్రశ్న నేరుగా కేంద్రానికి, పార్లమెంటు సభ్యునికి చేరుతుంది.

ఈ ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించే మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గం 2008 పునర్విభజనలో ఏర్పడింది. ఓటర్ల సంఖ్యలో ఇది దేశంలోనే అతిపెద్దది. 2024లో ఇక్కడ 37 లక్షలకు పైగా ఓటర్లు ఉండగా, లక్షద్వీప్‌లో సుమారు 57 వేల మంది మాత్రమే ఉన్నారు. రెండింటికీ లోక్‌సభలో ఒక్కొక్క సభ్యుడే. సర్వే సత్యనారాయణ (2009), చామకూర మల్లారెడ్డి (2014), ఎనుముల రేవంత్ రెడ్డి (2019), ఈటల రాజేందర్ (2024) ఇక్కడి నుండి ఎన్నికయ్యారు. లోక్‌సత్తా వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ్ 2014లో ఇక్కడ పోటీచేసి ఓడిపోయాడు.

2014 నుండి జరిగిన మూడు ఎన్నికలలోనూ ఇక్కడ పోలింగు దాదాపు సగం వద్దనే ఆగింది. 2019లో గెలుపు ఆధిక్యం 10,919 ఓట్లు కాగా, ఓటు వేయనివారు 15 లక్షలకు పైగా ఉన్నారు. అంటే ఫలితాన్ని నిర్ణయించగల సంఖ్యకు వంద రెట్లకు మించిన ఓటర్లు తీర్పులో పాల్గొనలేదు. వీరందరూ ఉదాసీనులు కారు. నగరంలో ఇల్లు మారినవారు, రెండు చోట్ల పేర్లు ఉన్నవారు, మరణించినా జాబితాలో మిగిలినవారు కూడా ఈ సంఖ్యలో ఉంటారు. అందువలన ఓటర్ల జాబితాను సరిచూడటం కూడా జవాబుదారీతనంలో భాగమే. ఉద్యోగంలో ఉన్నప్పుడు సర్వీసు ఓటరుగా నమోదైన సైనికుడు విశ్రాంతి పొందాక తన నివాస ప్రాంతంలో సాధారణ ఓటరుగా తిరిగి నమోదు చేసుకోవలసి ఉంటుంది.

2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయి లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేయగా, 2024 ఎన్నికల వరకు ఈ స్థానం ఖాళీగా ఉన్నది. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఎ సెక్షన్ ప్రకారం మిగిలిన పదవీకాలం ఏడాదికి తక్కువగా ఉంటే ఉప ఎన్నిక జరపనవసరం లేదు. 2018లో ఆంధ్ర ప్రదేశ్ సభ్యుల రాజీనామాల తరువాత కూడా ఇదే జరిగింది. రాజకీయంగా అర్థవంతమైన రాజీనామా అయినా, ఆ కాలంలో ఓటరు తరపున సభలో ప్రశ్న అడిగేవారు ఉండరు.

పార్లమెంటు సభ్యుని పనితీరును అంచనా వేసేటప్పుడు స్థానిక ప్రాంత అభివృద్ధి నిధుల ఖర్చును మాత్రమే చూడటం సరికాదు. 1993 డిసెంబరులో పి.వి.నరసింహారావు ప్రభుత్వం ప్రారంభించిన ఈ పథకం క్రింద 2011–12 నుండి సభ్యునికి ఏడాదికి 5 కోట్ల రూపాయలు నిర్ణయించబడ్డాయి. మల్కాజ్‌గిరి వంటి నియోజకవర్గంలో ఇది ఒక్కొక్క ఓటరుకు పదిహేను రూపాయలకు మించదు. సభ్యుని అసలు విధులు శాసనం చేయడం, బడ్జెటును పరిశీలించడం, మంత్రులను ప్రశ్నించడం. బస్ షెల్టరుపై పేరు కంటే సభలో అడిగిన ప్రశ్నల జాబితా ఆయన పనికి సరైన కొలమానం.

పరిమితులు, విమర్శలు

* భారతదేశంలో పార్లమెంటు సభ్యుని పదవీకాలం మధ్యలో వెనుకకు పిలిచే హక్కు ఓటర్లకు లేదు. 1974లో సి.కె.చంద్రప్పన్ ఇందుకోసం లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు ఆమోదం పొందలేదు.
* 1985లో 52వ సవరణ ద్వారా వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టం వలన సభ్యుడు పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేస్తే సభ్యత్వం కోల్పోతాడు. దీనివలన ఆయన ఓటరు కంటే పార్టీకి ఎక్కువగా జవాబుదారీ అవుతున్నాడన్న విమర్శ ఉన్నది. మరొకవైపు అనర్హత పిటిషన్లపై సభాపతులు ఆలస్యం చేయడం వలన ఈ చట్టం లక్ష్యం కూడా నెరవేరడం లేదు.
* ఎన్నికల వ్యయానికి మూలం తెలియకపోతే నాయకుడు ఎవరికి రుణపడి ఉన్నాడో ఓటరుకు తెలియదు. 2018లో మొదలైన ఎన్నికల బాండ్ల పథకాన్ని ఓటరు తెలుసుకునే హక్కుకు విరుద్ధమని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది.
* ఎన్నికల బహిష్కరణకు చట్టపరంగా ఫలితం లేదు. పోలైన ఓట్లలో అధికంగా పొందినవారే గెలుస్తారు. బహిష్కరణ పత్రికల దృష్టిని ఆకర్షించవచ్చు గానీ, బహిష్కరించినవారి ప్రభావాన్ని లెక్కింపులో తొలగిస్తుంది.
* కులం, ప్రాంతం, అభిమానం ఆధారంగా తమవారి వైఫల్యాన్ని సమర్థించడం, ఎదుటివారి వైఫల్యాన్నే ప్రశ్నించడం జవాబుదారీతనాన్ని బలహీనపరుస్తుంది. ఒకే ప్రమాణాన్ని అందరికీ వర్తింపజేసినప్పుడే ప్రశ్నకు విలువ ఉంటుంది.

నాయకుని ప్రశ్నించడంలో పౌరునికి కూడా కొన్ని హద్దులు ఉన్నాయి. ఆ నాయకుని అధికార పరిధిలో ఉన్న విషయాన్నే అడగాలి, ఆరోపణకు ఆధారం ఉండాలి, సమాధానానికి సమయం ఇవ్వాలి, హింసకు తావివ్వరాదు. వైఫల్యం వేరు, అవినీతి వేరు. సదుద్దేశంతో తీసుకున్న నిర్ణయం విఫలమైతే వివరణ, సవరణ కోరాలి. అవినీతి జరిగితే చట్టపరమైన చర్య కోరాలి.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో 2015లో చేసిన చట్టం ప్రకారం, కొన్ని నిర్దిష్ట కారణాలు ఏర్పడినప్పుడు నియోజకవర్గ ఓటర్లలో 10 శాతం మంది సంతకం చేస్తే పార్లమెంటు సభ్యుని స్థానం ఖాళీ అవుతుంది. 2019లో పీటర్‌బరో సభ్యురాలు ఫియోనా ఒనసన్యా ఈ విధంగా పదవి కోల్పోయింది. దక్షిణ కొరియాలో 2016లో లక్షలాది ప్రజలు కొవ్వొత్తులతో శాంతియుతంగా నిరసన తెలిపిన తరువాత, అధ్యక్షురాలు పార్క్ గున్ హేను జాతీయ సభ అభిశంసించింది. 2017 మార్చి 10న రాజ్యాంగ న్యాయస్థానం ఆమెను తొలగించింది. శ్రీలంకలో 2022 జూలైలో ఆర్థిక సంక్షోభంపై వచ్చిన ప్రజా ఉద్యమం కారణంగా అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశం విడిచి వెళ్ళి రాజీనామా చేశాడు. కొరియాలో ప్రజల ఒత్తిడి రాజ్యాంగ సంస్థల ద్వారా పనిచేయగా, శ్రీలంకలో సంస్థలు సకాలంలో స్పందించకపోవడంతో ప్రజలు అధ్యక్ష భవనంలోకి ప్రవేశించేవరకు పరిస్థితి వెళ్ళింది. ఎన్నికల మధ్య కాలంలో ప్రశ్నించే మార్గాలు తెరిచి ఉండటం ప్రజలకే కాక ప్రభుత్వ స్థిరత్వానికి కూడా మేలు చేస్తుందని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

ఇవి కూడా చూడండి

* సమాచార హక్కు చట్టం
* మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గం
* యాప్రాల్
* భారత అత్యవసర పరిస్థితి
* సారా వ్యతిరేక ఉద్యమం
* లోక్‌సత్తా